గృహిణీ ప్రసంగములు: దీవిలో నింటిస్థలము



“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని పెద్దలనిరి. ఇల్లు కట్టుటకు ముందు నేల వెదకి చూడుమని చేర్ప మఱచిరి కాబోలు. క్రిందటి మాసమున మాగాయను గూర్చి ముచ్చటించితిమి. ఈ మాసమున వంటయింటిని విడిచి, ఆ వంటయిల్లు నిలువవలసిన నేలను గూర్చి నాలుగు మాటలు వ్రాయుచున్నాము. మేము ఇంటిస్థలము వెదకుచు సముద్రము దాటి అండమాను దీవుల వఱకు పోయి, కొనకయే తిరిగి వచ్చితిమి. ఎందులకు కొనలేదో చెప్పుటయే యీ ప్రసంగము.

మా కాపురము ములకలపల్లిలో. ఒకప్పుడు ఖమ్మము జిల్లాలోనిది. 2016 అక్టోబరు నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనిది. ఊరు దాటినంతనే అడవి. వేసవి వచ్చినచో తునికాకు కట్టలు, ఇప్పపూల వాసన, కోయగూడెముల నుండి రాత్రివేళ వినవచ్చు డోళ్ల మ్రోత. మా ఇంటివారు ఉపాధ్యాయులు. పాఠశాల ప్రక్కనున్న ప్రభుత్వపు వసతిగృహములో మాకు రెండు గదులిచ్చిరి. గోడలు గట్టివే, కాని బదిలీ కాగితము వచ్చిన నాడు అవి మావి కావు. ఇంతవఱకు మూడు ఊళ్లలో మూడు కరివేపచెట్లు నాటి, మూడింటిని పరుల పోపులకు విడిచి వచ్చితిమి. నాలుగవ చెట్టైనను మన నేలలో నాటవలెనని కోరుట తప్పు గాదు గదా! కొంత రొక్కము కూడినది. మా తల్లిగారు పెట్టిన నాలుగు బంగారు గాజులున్నవి. ఆ రెండును కలిపిన చిన్న స్థలము రాకపోదని తలచితిమి.

అయితే మా ఊరిలో మాబోటివారు నేల కొనరాదు. ఇది ఏజెన్సీ ప్రాంతము. “ఒకటి బై డెబ్బది” అని యిచ్చట చిన్నపిల్లలు గూడ పలుకుదురు. గిరిజనుల భూమి అన్యుల చేతులలోనికి పోకుండుటకై 1959లో ఒక నిబంధన చేసిరి. 1963లో దానిని తెలంగాణమునకు వర్తింపజేసిరి. 1970 ఫిబ్రవరిలో దానిని మఱింత బిగించిరి. దాని ప్రకారము షెడ్యూల్డు ప్రాంతమున గిరిజనుడు గిరిజనేతరునకు నేల అమ్మరాదు. అంతియే కాదు, ఒక గిరిజనేతరుడు మఱియొక గిరిజనేతరునకు సైతము అమ్మరాదు. అన్యుని చేతిలో నేలయున్నచో, కాదని ఋజువగు వఱకు, అది గిరిజనుని నుండి వచ్చినదే యని చట్టము భావించును. కొందరు దీనిని ప్రశ్నింపగా 1988లో సర్వోన్నత న్యాయస్థానము నిబంధనను సమర్థించెను.

ఇంత కట్టడి యేల యని మొదట మాకును కొంత కష్టము తోచినది. కాని యిచ్చటి ముసలివారిని అడిగిన తెలియును. ఉప్పునకు, మిరపకాయలకు, పెండ్లికోకకు అప్పు తెచ్చి, వడ్డీ క్రింద మడిచెక్కలు పోగొట్టుకొన్న కుటుంబములు ఎన్ని లేవు! ఆదిలాబాదు అడవులలో భూమి కొఱకు పోరాడి 1940లో జోడేఘాటున కొమరం భీము ప్రాణములు విడిచిన పిమ్మట, నిజాము ప్రభుత్వము హైమండార్ఫు అను పండితుని పంపి గిరిజనుల స్థితిని విచారింపజేసినది. పోయిన నేలకే యీ చట్టము పుట్టినది కాని, మనబోటివారిపై ద్వేషముచే పుట్టలేదు.

చట్టమున్నచోట సందులును ఉండును. ఒకనాడు ఒక మధ్యవర్తి మా అరుగుమీద కూర్చుండి, “దీనికంత ఆలోచన యేల? కోయవారిలో మీకు నమ్మకస్థురాలిని ఒకతెను చూడుడు. పత్రము ఆమె పేర, అనుభవము మీది. అందరును చేయుచున్న పనియే” అనెను. మా ఇంటివారు పెదవి విరిచిరి. మేము మాత్రము, సిగ్గు విడిచి చెప్పుచున్నాము, ఆ రాత్రి నిద్రలేక, ఎవరి పేర వ్రాయింపవచ్చునా యని లెక్కించితిమి.

మా యింటికి అడ్డాకులు తెచ్చి యిచ్చు కోయ అవ్వ యొకతె కలదు. ఆమె మనుమడు మా ఇంటివారి వద్ద చదివి పైతరగతులకు పోయినాడు. మఱునాడామె రాగా, విస్తళ్లు కుట్టుచు మెల్లగా మాట కదపితిమి. ఆమె క్షణమైన ఆలోచింపలేదు. “రాసుకోండమ్మా! పంతులుగారు మా పిల్లగాడికి చదువు చెప్పిండు. ఏలిముద్ర యేస్త, దానికేముంది?” అనెను. మా గుండె తేలికపడినది. అంతలో ఆమె ఆకు క్రింద పెట్టి, “కానీ అమ్మా, భూమిపండుగ నాడు ఆ చెక్క కాడ కోడిని ఎవరు కోస్తరు? మీరా, నేనా?” అని యడిగెను.

విత్తులు చల్లుటకు ముందు కోయవారు నేలతల్లికి పండుగ చేయుదురు. ఆ పూజ జరుగక విత్తు నేల తాకరాదు. పత్రము మీద పేరు ఆమెది, గేటు తాళము మాది. ఇక నేలతల్లి యెదుట నిలుచువారెవరు? అవ్వ మమ్ము దెప్పిపొడువలేదు, తెలియక యడిగినది. మాకు బదులు దొరకలేదు. సూదిని తప్పుగా గ్రుచ్చి వ్రేలికి నెత్తురు తెచ్చుకొంటిమి. ఆ మాట అంతటితో విడిచిపెట్టితిమి.

ఈ స్థితిలో మా పెద్ద తోడికోడలుగారు పోర్టుబ్లెయిరు నుండి ఫోను చేసిరి. ఆ ఊరిని 2024 సెప్టెంబరు నుండి శ్రీవిజయపురమని పిలుచుచున్నారు. బావగారు అచ్చట గుత్తపనులు చేయుదురు. “చెల్లీ, ఇక్కడ మీ ఒకటి బై డెబ్బది లేదు. కొబ్బరితోట, ఎదుట సముద్రము. వేసవి సెలవులకు రండి, చూచి నచ్చితే తీసికొందురు” అని ఆహ్వానించిరి. గాజులు పెట్టెలో పెట్టుకొని, పిల్లలిద్దరితో బయలుదేరితిమి. మొదట బస్సు, పిమ్మట రైలు, విశాఖపట్టణమున ఓడ. ఓడలో మొదటి రాత్రి మేము తల యెత్తలేదు. శ్రీకాకుళపు పల్లెకారుల ఆడువారు ప్రక్కన చేరి చింతపండు చప్పరింపుమని యిచ్చి, తమ తాతల నాడే యీ దీవులకు వలస వచ్చితిమని కథలు చెప్పిరి. 2011 జనాభా లెక్కలలో ఆ దీవులలోని నూరుగురిలో పదుముగ్గురు తెలుగు మాటలాడువారే. దిగినంతనే బజారులో మన భాష విన్నపుడు పరదేశమను భయము పోయినది.

అచ్చటి దీవులు ఐదువందలకు మించియున్నవి; మనుష్యులు కాపురముండునవి నలుబదికి లోపే. మేము వానిలో మూడింట తిరిగి, మూడు స్థలములు చూచితిమి. చూచినది చూచినట్లు చెప్పెదము.

మొదటిది పట్టణమునందే, అబర్డీన్ బజారునకు నడకదూరమున. ధర వినగనే గాజుల మూట బరువు తగ్గినట్లు తోచెను. బావగారు ఊరట కలిగింపదలచి మమ్ము సెల్యులర్ జెయిలునకు తీసికొనిపోయిరి. 1896లో మొదలిడి 1906 నాటికి ముగించిన కట్టడము. నడుమ బురుజు, చుట్టు మొదట ఏడు చేతులుండెడివి. రంప పితూరీలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచినవారిలో కొందరిని ఈ దీవులకు పంపిరని పుస్తకములలో చదివియుంటిమి. గోదావరి కావలి యొడ్డున, మా యడవి వంటి యడవిలో పుట్టినవారు, అడవి తమదన్నందుకు ఇచ్చటి గదులలో చెఱ అనుభవించిరి గదా యని కన్నీరు వచ్చెను.

తిరిగి వచ్చునపుడు అబర్డీను చరిత్రయు తెలిసికొంటిమి. 1858లో ఆంగ్లేయులు ఖైదీల వసతి యిచ్చట నెలకొల్పిరి. 1859 మే మాసమున ఆదివాసులు విల్లంబులతో వచ్చి తుపాకులను ఎదిరించిరి. ఓడిపోయిరి. అప్పుడు వేలకొలది యుండిన ఆ గ్రేట్ అండమానీయులు, పరులు తెచ్చిన రోగములచే క్షీణించి, నేడు కొన్ని పదులమంది మాత్రము మిగిలిరి. 2010 జనవరిలో బోవా అను వృద్ధురాలు చనిపోగా, ఆమెతో బో అను భాషయే అంతరించినది. తన భాషలో బదులు పలుకువారు లేక ఆ తల్లి యెన్ని యేండ్లు గడపెనో! మేము బేరమాడ వచ్చిన బజారు క్రింద ఇంత కథ యున్నది.

రెండవ స్థలము పట్టణమునకు వెలుపల సిప్పిఘాటు వైపు. ధర చవుక. త్రోవ ప్రక్కన నీటిలో నిలిచిన మోడులు చూచి, “చెఱువు ఎంత బాగున్నది!” అంటిమి. మా తోడికోడలుగారు నవ్వలేదు. “చెఱువు కాదు చెల్లీ, వరిచేలు” అనిరి. 2004 డిసెంబరు 26వ తేదీ నాటి భూకంపముచే అచ్చటి నేల క్రుంగినది. సునామీతో వచ్చిన ఉప్పునీరు పల్లపు చేలనుండి మఱల పోలేదు. పత్రములు పెట్టెలలో భద్రముగనే యున్నవి. నేల సముద్రము పాలైనది. మాకు చూపిన చోటు మెట్టమీద నున్న మాట నిజమే. కాని పొరుగింటి యిల్లాలిని మంచినీటి మాట యడుగగా, వేసవిలో కుళాయినీరు దినము విడిచి దినము వచ్చిన అదృష్టమే యనెను. నీరు మోయవలసినది ఆడుది. ఆ మాట అమ్మువాడు చెప్పడు.

మూడవది స్వరాజ్ ద్వీపమున. 2018 వఱకు దానిని హేవ్‌లాక్ అనెడివారు. సోదరీమణులారా, ఆ చోటును వర్ణింప మా తరము గాదు. తెల్లని యిసుక, నీలి నీరు, తీరము వఱకు దిగివచ్చిన మహావృక్షములు, లోపల కొబ్బరి పోక తోటలు. మా పిల్లలు శంఖులేరుచుండగా, మా ఇంటివారు చెట్టుక్రింద కూర్చుండి, “ఇచ్చట నొక గది, ఒక అరుగు, ఒక పుస్తకముల బీరువా” అనిరి. పదునైదేండ్ల కాపురములో వారు తమకొఱకు ఏదియు కోరగా మేము వినలేదు. ఆ క్షణమున గాజులు తీసి యిచ్చుటకు మా చేయి పెట్టెవైపు పోయినమాట దాచము.

తోట ఒక వంగదేశీయ కుటుంబముది. దేశ విభజనమున తూర్పు బెంగాలు విడిచి వచ్చిన శరణార్థులకు ప్రభుత్వము ఆ దీవిలో నేల పంచియిచ్చినది. ఆ యింటి వృద్ధురాలు మాకు కొబ్బరినీరిచ్చి హిందీలో ఆదరముగ మాటలాడెను. కాగితములు చూపినది మాత్రము ఆమె కాదు, నడుమనున్న పెద్దమనిషి. మా ఇంటివారు అద్దములు పెట్టుకొని రెండు గంటలు చదివిరి. ఆ దీవులలో నేల మూలమున ప్రభుత్వముది. 1966 నాటి నిబంధన ప్రకారము ప్రజలకుండునది పొందిన హక్కు మాత్రమే. తోటగా ఇచ్చిన నేలలో ఇల్లు కట్టవలెనన్న అధికారుల అనుమతి వేఱుగా కావలెను. సముద్రతీరమునకు సమీపమున కట్టడమునకు మఱియొక కట్టడి. పెద్దమనిషి యిచ్చునది విక్రయపత్రము గాదు; ఒక అంగీకారపత్రము, ఒక పవర్ ఆఫ్ అటార్నీ. అట్టి కాగితములచే భూమిపై స్వామ్యము సంక్రమింపదని 2011లో సర్వోన్నత న్యాయస్థానము స్పష్టముగ చెప్పియున్నది. “అందరును ఇట్లే చేయుచున్నారు” అని ఆయన యనెను. ఈ మాట ములకలపల్లి అరుగుమీద విన్నదే! సముద్రము దాటినను మాట మాఱలేదు.

వృద్ధురాలిని మేము ప్రక్కకు పిలిచి, “అమ్మా, మీకు అమ్మవలెనని యున్నదా?” అని మాకు వచ్చిన హిందీలో అడిగితిమి. ఆమె తోటవైపు చూచి, “కొడుకుకు అప్పున్నది” అని మాత్రము అనెను. మేమింక అడుగలేదు.

తిరుగుప్రయాణమునకు రెండు దినముల ముందు పిల్లల ముచ్చటకై బారాటాంగ్ దీవిలోని సున్నపురాతి గుహలు చూడబోతిమి. ఆ త్రోవ జారవా జాతివారి యడవి నడుమ నుండి పోవును. 1956 నాటి నిబంధనచే ఆ యడవి వారికై ప్రత్యేకింపబడినది. అనుమతి లేక అన్యులు అడుగిడరాదు, అందలి నేలపై హక్కు పొందరాదు. ఆ భాగమున రహదారి మూసివేయవలెనని 2002లో సర్వోన్నత న్యాయస్థానము ఆదేశించినను, బండ్లు పోలీసుల కాపుదలతో వరుసకట్టి నడుచుచునే యున్నవి. ఆపరాదు, ఛాయాచిత్రము తీయరాదు, తినుబండారములీయరాదని పలకలు కట్టియున్నారు. 1990ల చివరి వఱకు జారవాలు మనవారి చెలిమి కోరలేదు. చెలిమి కలిసిన కొలదికాలమునకే, 1999లో, వారిలో తట్టు వ్యాపించినది.

ఒక మలుపున చెట్టుక్రింద ఒక తల్లి, చంకలో బిడ్డతో నిలిచియుండెను. బండిలో ఒకడు ఫోను పైకెత్తగా డ్రైవరు గద్దించెను. మేము తల దించుకొంటిమి. మా చిన్నపిల్ల మాత్రము, “అమ్మా, వాళ్ల ఇంట్లోంచి మనమెందుకు వెళ్తున్నాము?” అని యడిగినది. గుహలు చూచుటకని ఎట్లు చెప్పుదుము?

బాల్యమున మా తండ్రిగారు భారతము చదివించునపుడు ఖాండవదహనము మాకొక వీరగాథగా తోచెడిది. కృష్ణార్జునులు, అగ్నిదేవుడు, గాండీవము, అక్షయతూణీరములు, పిమ్మట మయసభ. నడుమ నొక పక్షితల్లి కథ యున్నది. జరిత అను ఆ తల్లి, ఱెక్కలు రాని నలుగురు పిల్లలతో మంట నడుమ చిక్కుకొని, ఎవరిని మోయుదును, ఎవరిని విడుతునని తల్లడిల్లును. అప్పుడు ఆ భాగమును త్వరత్వరగా చదివి సభావర్ణనమునకు పోవుచుంటిమి. ఆ మలుపు దాటిన పిమ్మట, ఓడలో తిరిగివచ్చు రెండు రాత్రులును, మాకు జరిత తప్ప మఱేమియు జ్ఞప్తికి రాలేదు. ఒకరి సభ లేచుటకు ముందు ఒకరి గూడు ఉండెడిదా యని యడుగుట భారతము చదివినవారి విధి గాదా?

అయితే యిండ్లు కట్టుకొనరాదా యని మీరడుగుదురు. తప్పక కట్టుకొనవలెను. సీతమ్మవారు సైతము మా భద్రాద్రికి చేరువనున్న పర్ణశాలలో పూరిల్లు కట్టుకొని కాపురము చేసెనని యిచ్చటివారు చెప్పుకొందురు. నేల కోరుట పాపము గాదు. మన కోరికయే మన హక్కని భ్రమించుట పొరపాటు. చట్టమొప్పిన చోట, అమ్మువారు మనసార అమ్మిన నేలను, మన పేరనే కొనవలెను.

ఈ తిరుగుటలో నేర్చిన నాలుగు సంగతులు తోడి గృహిణుల కొఱకు వ్రాయుచున్నాము. కొనదలచిన గ్రామము షెడ్యూల్డు ప్రాంతమునందున్నదా యని మొట్టమొదట రెవిన్యూ కార్యాలయమున విచారింపుడు. మూలపత్రము నుండి నేటి వఱకు పత్రములు గొలుసువలె కలియవలెను. ఒక లంకె తెగినను ఆగుడు. నేలపై తాకట్టు మొదలగు భారములు తెలియుటకు సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమున ఎన్‌కంబరెన్సు సర్టిఫికేటు తీయింపుడు. స్థలమును వానకాలమున నొకమారు, వేసవిలో నొకమారు చూడుడు. నీటి సంగతి పొరుగింటి యిల్లాలిని అడుగుడు. మధ్యవర్తి యెంత మంచివాడైనను, అమ్మువారితో, ముఖ్యముగ ఆ యింటి ఆడువారితో, ముఖాముఖి మాటలాడుడు. పత్రము చేతికి రాకముందు బంగారము గడప దాటనీయకుడు. మన సొమ్ము పెట్టిన నేలకు పరుల పేరు, పరుల నేలకు మన సొమ్ము, రెండును మెడకు ఉరులే. పేరు కలవారు మనసు మార్చుకొన్నచో కోర్టున మన మాట చెల్లదు. మార్చుకొననిచో వారి పిల్లలకు మనము అన్యాయము చేసినవారమగుదుము.

మేము ఊరు చేరిన మూడవనాడు అవ్వ అడ్డాకులతో వచ్చెను. శంఖమొకటి యిచ్చితిమి. చెవికానించుకొని నవ్వెను. సముద్రమెంత యుండునో, ఓడ యెట్లు నిలుచునో అడిగినది. చివరకు, “దొరికిందా అమ్మా జాగ?” అనెను. దొరకలేదంటిమి. “అక్కడ గూడ మనసుంటోళ్లున్నరా?” అనెను. ఉన్నారంటిమి. అడవి నడుమ త్రోవను గూర్చి, చెట్టుక్రింది తల్లిని గూర్చి చెప్పితిమి. ఆమె చాలసేపు ఆకులు సరిచేయుచు ఊరకుండి, “పాపం, బిడ్డ ఆడపిల్లనా, మొగపిల్లగాడా?” అని యడిగెను. తల దించుకొన్నందున చూడలేదంటిమి.

గాజులు మఱల పెట్టెలో చేరినవి. మా పుట్టినింటివైపు, ఏజెన్సీకి వెలుపల, మా అన్నగారొక చిన్న స్థలము చూచితినని వ్రాసిరి. అచ్చట సముద్రము లేదు, కొబ్బరితోట లేదు. ఎండకాలము నిప్పులు చెరుగును. కాని అమ్మువారు తమ పేర, తమ యిష్టముచే, రిజిస్టరు కచ్చేరిలో అమ్ముదురట. తొలకరి పడిన పిమ్మట పోయి నీరు నిలుచునో లేదో చూచి వత్తుము. మా ఇంటివారు బీరువా కొలతలు అప్పుడే కాగితముపై గీయుచున్నారు.

అంతవఱకు ఈ వసతిగృహపు పెరటిలో నాలుగవ కరివేపమొక్కను నాటితిమి. విడిచిపోవలసి వచ్చినచో వెనుక వచ్చు ఇల్లాలి పోపునకు పనికివచ్చును. వచ్చు మాసమున వానకాలమున పప్పుదినుసులకు పురుగు పట్టకుండ నిలువచేయు విధములను ముచ్చటింతము.